పుస్తకంలో లేని గంటలు

జేబులో బిడ్డ రేఖ గడియారం కీచుమంది. ఒంటిగంట. ఐలన్న బడి వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. ఇప్పుడు మోగాలి, నాలుగు దెబ్బలు, తొందర లేకుండా, ఒకటి సద్దుమణిగాక ఇంకొకటి. మోగలేదు. పదకొండున్నరకు మోగలేదు, పన్నెండుకు మోగలేదు, పన్నెండున్నరకూ మోగలేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు మోగుతుంది, దుర్గయ్య రూల్సు పుస్తకం ప్రకారం పోయే మనిషి. పుస్తకంలో ఉన్నవి మూడే గంటలు: పరీక్ష మొదలైనప్పుడొకటి, ఇంకో పది నిమిషాలుందనగా ఒకటి, అయిపోయాక ఒకటి. అరగంటకోసారి కొట్టేవి పుస్తకంలో లేవు. అవి ఐలన్నవి. పందొమ్మిదేళ్లుగా ఈ బడిలో శిపాయిగా, అంటే బంట్రోతుగా ఉండి, పాత లారీ బ్రేక్ డ్రమ్మును వరండా దూలానికి వేలాడదీసి, ఏ సాహెబూ చెప్పకుండా తనంతట తాను మొదలుపెట్టిన గంటలు. ఈ రోజు ఆ డ్రమ్ము దగ్గర వేరే బడి నుంచి వచ్చిన దుర్గయ్య ఉన్నాడు, ఐలన్న గేటు బయట శంకరన్న చాయ్ బండి పక్కన ఉన్నాడు, నాలుగో నంబరు గదిలో అతని బిడ్డ రేఖ పదో తరగతి మరాఠీ పేపరు రాస్తోంది. పోయినేడు ఈ పేపరే తప్పింది. చదువు రానందుకు కాదు, మొదటి ప్రశ్నకే ఆరు పేజీలు రాసి, రాస్తూ రాస్తూ ఎక్కడికో పోయి, ఆఖరి గంట విని ఉలిక్కిపడి తప్పింది. ఈసారీ తప్పితే ఇక చదువు లేదు, వాళ్ల చిన్నమ్మతో గోదారి దాటి మిరపకాయ ఏరడానికి పోవడమేనని ఇంట్లో మాట అయిపోయింది. ఆ మాట అన్నది భార్య సారక్కే గానీ, కాదనడానికి ఐలన్నకు నోరు రాలేదు.

పరీక్ష రాసే పిల్లల అయ్యలు, అన్నలు డ్యూటీలో ఉండొద్దని శుక్రవారం కాగితం వచ్చింది. మంచిదే, న్యాయమే. దుర్గయ్యను పట్టుకుని అరగంట గంటల సంగతి ఒక్క మాట చెబితే సరిపోయేది, ఆయన కాదనే మనిషీ కాదు. శుక్రవారం చెబుదామనుకున్నాడు. శనివారం చెబుదామనుకున్నాడు, సగం దారి పోయాడు కూడా, అక్కడ ఎవరో బావిలో పడ్డ మోటారును తాళ్లతో లాగుతుంటే చూస్తూ నిలబడ్డాడు, చూడడమేంటి తనూ ఒక తాడు పట్టాడు, మోటారు పైకొచ్చింది, చప్పట్లు కొట్టారు, చేతులు కడుక్కుని ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఆదివారం పూర్తిగా మరిచాడు. ఎందుకు మరిచాడంటే ఆ ఒక్క పనికి అలారం పెట్టలేదు. పాలకు పెట్టాడు, నల్లా నీళ్లకు పెట్టాడు, రేఖకు హాల్ టికెట్టు గుర్తు చేయడానికి పెట్టాడు, గిర్నిలో వడ్లు మరకు వేయడానికి పెట్టాడు, ఇంత ముఖ్యమైనది ఎలా మరుస్తాంలే అని దీనికి పెట్టలేదు. ముఖ్యమైనవి గుర్తుంటాయని అనుకోవడం మామూలు మనుషుల అలవాటు. ఐలన్నకు ఆ అలవాటు ఎక్కడ అబ్బిందో తెలియదు గానీ, కొంప ముంచేది ఎప్పుడూ అదే. పొద్దున గేటు దగ్గర దుర్గయ్యను చూసి రేఖ నిలబడిపోయింది. "బాపూ, నువ్వు లేవా లోపల? మరి గంటలు?" అంది. "కొడ్తడు తియ్, చెప్పిన," అన్నాడు ఐలన్న. చెప్పలేదు. రేఖ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి లోపలికి పోయింది. అప్పుడైనా దుర్గయ్యను పిలుద్దామని ఐలన్న సంచి తీయబోతుంటే, పోలీసాయన రేఖ చేతి గడియారం విప్పించి, మోగేవి లోపలికి వద్దని ఐలన్న చేతిలో పెట్టాడు. అది జేబులో వేసుకునేసరికి గేటు మూశారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. శంకరన్న ఇచ్చిన చాయ్ చేతిలో చల్లారిపోయింది. "తాగవేంది ఐలన్నా, లోపట బిడ్డ రాస్తాంది, నువ్వెందుకు చెమట కక్కుతున్నవ్?" అన్నాడు శంకరన్న. ఏం చెప్పాలి? మరాఠీ రాజ్యంలో ఉన్నా తెలుగు మాట్లాడుకునే ఈ సిరోంచలో గడియారం కలుపుకోవాలంటే ఐలన్న గంట విని కలుపుకుంటారు. చాయ్ బండి వాళ్లు, బట్టల దుకాణం వాళ్లు, అహేరి బస్సు డ్రైవరు కూడా. ఎన్నడూ నిమిషం అటూ ఇటూ కాని మనిషని పేరు. పోయిన జెండా పండుగనాడు శాలువా కప్పి మరీ అన్నారు. ఆ శాలువా మడత పెట్టి ఎక్కడ పెట్టాడో ఇప్పటికీ దొరకలేదు. వాళ్లకు తెలియని సంగతేంటంటే, ఆ గంటలు పిల్లల కోసం కొట్టినవి కావు. శిపాయిగా చేరిన కొత్తలో ఒక పరీక్షనాడు వరండాలో కూర్చుని పిచ్చుకలు గూడు కట్టడం చూస్తూ చూస్తూ, టైము అయిపోయిందేమోనని ఒక్కసారిగా గుండె జారి, లేచి ఆఖరి గంట కొట్టేశాడు. ఇరవై నిమిషాలు ముందు. పిల్లలు ఏడుస్తూ కాగితాలిచ్చారు, మళ్లీ పిలిచి కూర్చోబెట్టారు. ఉద్యోగం పోవలసింది, కొత్తవాడని వదిలేశారు. ఆ తర్వాత తనను తాను కట్టేసుకోవడానికి అరగంటకో గుంజ పాతుకున్నాడు, అంతే. గుంజ కనిపిస్తే పశువు ఎంత దూరం పోయినా తిరిగొస్తుంది. తాత దొర పొలంలో కూలికి పోయేటప్పుడు దొర ఇంటి గంట మోగితే పని, మోగితే అన్నం, మోగితే ఇల్లు. వాళ్ల ఇంట్లో గంట కొట్టే హక్కు వచ్చిన మొదటివాడు ఐలన్న, ఆ హక్కును కూడా వాడుకున్నది తన మీదే.

ఒంటిగంట పన్నెండు నిమిషాలు. నది మీది గాలి వస్తోంది, అందులో తడి ఇసుక వాసన. ఆ వాసన వస్తే చాలు, తనను కన్న అవ్వ లింగక్క గుర్తొస్తుంది. కాళేశ్వరం జాతరకు పోయి సాయంత్రం పడవలో గోదారి దాటి వస్తానంది, సామాను బరువుంటుంది రేవుకు రారా అంది. వస్తానన్నాడు. పోతూ పోతూ దారిలో రేడియో బాగుచేసే మంగయ్య దగ్గర ఆగాడు. విప్పిన రేడియో లోపల ఎర్ర తీగలు, పచ్చ తీగలు, చిన్న చిన్న డబ్బాలు, ఒక్కొక్కటీ ఎందుకో అడుగుతూ కూర్చున్నాడు, అంత శ్రద్ధ తన దగ్గర పని నేర్చుకునేవాళ్లలో కూడా ఎన్నడూ చూడలేదని మంగయ్య మురిసిపోయాడు. చీకటి పడ్డాక అవ్వ తనే మూట నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేతపట్టుకుని వచ్చింది. "ఇసుకల కూసున్న కొడుకా, వస్తవని," అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పోయి ఏడేళ్లయింది, ఆ తిట్టు మాత్రం ఇంకా బాకీగా ఉన్నట్టు ఉంటుంది ఐలన్నకు. ప్రేమ లేక మరవలేదు. అది ఎవరికి చెప్పినా నమ్మరు, ప్రేముంటే గుర్తుండదా అంటారు, అందుకే ఎవరికీ చెప్పలేదు. నాకు జర యాది చెయ్యి అని ఒక మనిషిని అడగడమంటే, నేను ఇలాంటివాణ్ణి అని ఒప్పుకోవడమే. అడగడం కంటే గడియారాలు నయం. గడియారం ఎందుకురా అని అడగదు.

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా. రేఖ పోయినేడు తప్పినప్పుడు చంద్రపూర్‌లో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన రేఖతో గంటసేపు మాట్లాడాడు, ఆటలాంటి కాగితాలేవో ఇచ్చాడు, చివరికి మరాఠీలో చెప్పాడు, పిల్ల తెలివి తక్కువది కాదు, బద్ధకమూ కాదు, ధ్యాస లేకపోవడం కూడా కాదు, ఉన్న ధ్యాసను తోలుకుపోవడం చేతగాదు, దీనికొక పేరుంది, ఏడీహెచ్‌డీ. చీటీ మీద రాసిచ్చాడు. సరేనని లేచి బయటికి వచ్చారు. ఐలన్న గొడుగు మరిచి వెనక్కి పోయాడు. మళ్లీ చీటీ కోసం పోయాడు. మూడోసారి రేఖ మార్కుల కాగితం కోసం తలుపు తీసేసరికి డాక్టరు నవ్వుతూ అది చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోయింది," అన్నాడు. నలభై రెండేళ్లు వచ్చాక, తలుపు దగ్గర నిలబడి, ఐలన్న తన సంగతి తాను విన్నాడు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఎందుకో తేలిగ్గా కూడా అనిపించింది. మందుకు నెలనెలా నాగపూర్ పోవాలి, సిరోంచ నుంచి అది అయ్యే పని కాదు. అయితే తలలో లేని గడియారాన్ని బయట పెట్టుకోండి, మొత్తుకునేవి పెట్టుకోండి అన్నాడు డాక్టరు. ఆ చీటీ బస్సులోనే పోయింది. గడియారాలు మాత్రం వచ్చాయి. అయిదింటికి లేవడానికొకటి, అయిదూ పదికి మళ్లీ పడుకున్నావా అని అడగడానికొకటి, స్నానానికి, పొయ్యి మీద పాలకు, చెప్పులు వేసుకోవడానికి, వేసుకుని నిజంగా బయల్దేరడానికి. ఫోనులో పెట్టగలిగేది ఒకటే అలారం, మిగతావన్నీ అంగడిలో కొన్న చీనా గడియారాలు. సారక్క వాటి మధ్యలోంచి గిన్నెలు తీసుకుంటూ, "ఎస్టీ బస్టాండుల గూడ హారన్లు గిన్ని సార్లు మోగయి. రేపు నేను చచ్చినా అలారం పెడితెనే ఏడుస్తరు తండ్రీబిడ్డలు," అంటుంది. అని, తనే వాటికి సెల్లులు మారుస్తుంది.

మూడు నెలలు ఇంట్లో పరీక్ష పెట్టాడు రేఖకు. ఇత్తడి పళ్లెం మీద గరిటెతో గంటలు. మొదటి గంటకు మొదటి ప్రశ్న వదిలెయ్యాలి, వాక్యం మధ్యలో ఉన్నా సరే. రెండో గంటకు రెండోది. ఒకటిన్నరకు కోడి. కోడి అంటే కోడిబొమ్మ గడియారం, కొక్కొరోకో అని వాడకట్టంతా వినిపించేలా కూస్తుంది, అది కూస్తే చేతిలో ఏమున్నా పక్కన పడేసి వ్యాసం మొదలుపెట్టాలి. ఇరవై మార్కుల వ్యాసం, మరాఠీలో నిబంధ్ అంటారు. మొదట్లో రేఖ ఏడ్చింది, కలం విసిరింది, తర్వాత తర్వాత కోడి కూయగానే చేయి తనంతట తాను కొత్త పేజీ తిప్పేది. నిన్న ఆదివారం కూడా సరిగ్గా పదకొండు నుంచి రెండు దాకా రాయించాడు. ఆ కోడినే పొద్దున సంచిలో వేసుకున్నాడు, దుర్గయ్య చేతిలో పెట్టి చెబుదామని. ఇప్పుడు ఒకటీ ఇరవై. లోపల రేఖ ఏం చేస్తూ ఉంటుంది? పద్యం భావం రాస్తూ ఉంటుంది. భావంలో నది వస్తుంది, నదిలోంచి పడవ వస్తుంది, ఆరో పేజీ వస్తుంది. సరిగ్గా ఒకటిన్నరకు ఆ కోడి నాలుగో నంబరు కిటికీ కింద కూస్తే? కోడి కూస్తే కాపీ ఎలా అవుతుంది? జవాబులు చెప్పే కోడి కాదు కదా. కానీ జీపులో తనిఖీ వాళ్లు తిరుగుతున్నారు, బయటి నుంచి సైగ అందిందంటే సైగే, రేఖ నంబరు రద్దయిపోతుంది, మూడు పేపర్లకో మూడేళ్లకో, తన నౌకరీ మాట సరేసరి. వద్దు. తండ్రి మరిచిన మాటకు బిడ్డను బలిపెట్టొద్దు. ఆపేద్దాం దాన్ని, ఇప్పుడే, ఆదివారం పెట్టిన అలారం ముల్లు ఒకటిన్నర మీదే ఉండిపోయింది కదా, అని భుజానికి చెయ్యి వేశాడు. భుజాన సంచి లేదు.

సంచి సైకిలు హ్యాండిలుకు ఉంది. సైకిలు ఎక్కడుంది? బండి దగ్గర లేదు. గేటు దగ్గర లేదు. పదకొండింటికి ఎండ మొహం మీద కొడుతుంటే నీడలో పెట్టాడు, నీడ ఎటు ఉండింది, గోడ వెనక, పొలం బాట వైపు, నాలుగో నంబరు కిటికీ కింద. అంత చోటుండగా అక్కడే ఎందుకు పెట్టాడు? మరిచే పెట్టాడా, మనసు తనకు చెప్పకుండా పెట్టించిందా, ప్రమాణం చేసి చెప్పమంటే ఐలన్న చెప్పలేడు. పరుగెత్తాడు. చెప్పొకటి ఊడింది. గోడ మలుపు తిరిగేసరికి కోడి కూసింది. ఎంతసేపు కూసింది! ఎండలో, అంత నిశ్శబ్దంలో, మూడు బళ్లకు సరిపడా కూసింది. గదిలో పిల్లలు గొల్లుమన్నారు, టీచరమ్మ కసిరింది, అన్నీ సద్దుమణిగాయి. ఐలన్న సంచిలో చెయ్యి పెట్టి కోడి గొంతు నొక్కేసరికి వెనక పోలీసాయన నిలబడి ఉన్నాడు. అతనిది అహేరి, తెలుగువాడే.

"ఎవరిదిది?"

నాది కాదనొచ్చు. సైకిలు ఎవరిదో తెలియదనొచ్చు. చాయ్ బండి దగ్గరివాళ్లు నలుగురూ మలుపు దాకా వచ్చి చూస్తున్నారు, శంకరన్న చేతిలో జల్లెడ కూడా అలాగే ఉంది.

"నాదే సార్. ఇండ్ల పెట్టుకునే గడియారం. ఆపుడు మర్శిన."

"ఈడ పరీక్ష నడుస్తాంది, నీకు సోయి లేదా?"

"లేదు సార్," అన్నాడు ఐలన్న. అనేశాక తనకే వింతగా అనిపించింది, ఎంత చిన్న మాట. "చిన్నప్పటి సంది లేదు. గడియారం మొత్తుకోకపోతే నాకేదీ యాదికుండది. ఇంట్ల పదకొండున్నయి గిసుంటియి."

పోలీసాయన అతని మొహం చూశాడు, ఊడిన చెప్పు లేని కాలు చూశాడు, సంచి తిరగేసి చూశాడు. రొట్టె, ఉల్లిగడ్డ, కోడి. "పరీక్షలు అయ్యేదాంక ఇది నా దగ్గరుంటది," అని కోడిని చంకలో పెట్టుకుని పోయాడు. శంకరన్న చెప్పు వెతికి తెచ్చి ఇచ్చాడు. "నీ కోడి, నీ కుంపటి లేకపోతె సిరోంచల తెల్లారదా ఐలన్నా?" అని నవ్వబోయి, ఇతని మొహం చూసి మానేశాడు.

తర్వాతి ఇరవై నిమిషాలు ఐలన్న ఏమీ గుర్తు చేసుకోలేదు, గేటునే చూశాడు. లోపలికి ఎవరైనా పోతున్నారా, జీపు వస్తోందా, రేఖ చేయి పట్టుకుని బయటికి తెస్తున్నారా. దుర్గయ్య పది నిమిషాల గంట కొట్టాడు. పుస్తకంలో ఉన్న గంట. వ్యాసం మొదలుపెట్టి ఉంటే ఇప్పుడు చివరి పేరాలో ఉండాలి, మొదలుపెట్టకపోతే ఇక ఏం పెట్టినా లాభం లేదు. రెండుకు ఫోనులో అలారం మోగింది, దాని వెంటే ఆఖరి గంట. పిల్లలు గుంపుగా వచ్చారు, అందరిలో చివర రేఖ. కలం మూత లేదు, వేళ్ల నిండా సిరా, ఎక్కడో ఆలోచిస్తూ నడుస్తోంది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"కోడి ఇన్నవా?" అన్నాడు ఐలన్న.

"ఎవలు ఇనలే? అందరు నవ్విండ్రు. నేనప్పటికే నిబంధ్ రాస్తున్న బాపూ, సగం పేజీ అయింది."

"ఎట్ల? గంటలు కొట్టలే గద."

"కొట్టడని పొద్దుగాలనే తెల్సింది. నువ్వు 'కొడ్తడు తియ్, చెప్పిన' అన్నప్పుడే. నిజంగ చెప్తే నువ్వట్ల అనవు." రేఖ కలం మూత కోసం జేబులు తడుముకుంటూ మామూలుగా చెప్పింది. "అందుకే కూసోంగనే చెయ్యి లేపిన. మేడంను అడిగిన."

"ఏమడిగినవ్?"

"నాకు టైం తెల్వది మేడం, అరగంటకోపారి జర చెప్పుండ్రి అని."

"గట్లనే? అందరి ముందటనా?"

"మరి ఎట్లడుగుతరు? ఇద్దరు నవ్విండ్రు. నా ఎన్కపిల్ల నాగ్గూడ చెప్పుండ్రి అన్నది. ఇగ మేడం ఎవలెవలికని చెప్తది, అరగంటకోపారి బోర్డు మీద టైం రాసుకుంట పోయింది."

నలభై రెండేళ్లు, ఒక అవ్వ, పదకొండు గడియారాలు, పొగడ్తల శాలువా, అన్నీ మోసుకుంటూ తిరిగి తను ఒక్కసారీ అడగలేని మాటను పదహారేళ్ల పిల్ల పేరూ ఊరూ రాసినంత తేలిగ్గా అడిగి వచ్చేసింది. గర్వంగా ఉంది. ఏ రేవులోనో ఎవరినో ఇసుకలో కూర్చోబెట్టకుండా తను కూడా అలా అడగవచ్చని ఎందుకు తోచలేదు? బిడ్డ తల మీద చెయ్యి వేశాడు. చెయ్యి అక్కడే కాసేపు ఉంది.

చాయ్ బండి దగ్గర ఇద్దరికీ రొట్టె విప్పాడు. గిర్నిలో వడ్లు ఉన్నాయి, మూడింటికి కరెంటు పోతుంది, అంతలోపు పోయి బియ్యం తెచ్చుకోకపోతే రాత్రికి పొయ్యి వెలగదు. కోడి పోలీసాయన దగ్గర ఉంది. ఫోను జేబులో ఉంది, ముల్లు తిప్పే పని కూడా లేదు, నాలుగు మీటలు నొక్కితే చాలు. ఫోను తీశాడు, చూశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"శంకరన్నా," అన్నాడు. "రెండున్నరకు నేను గిర్నికి పోవాలె. నాకు యాదికుండది. జర చెప్తవా?"

శంకరన్న గ్లాసు కడుగుతూ ఆగాడు. "గంటల ఐలన్నవు, నీకు నేను చెప్పాల్నా?"

"ఆ. చెప్పాలె."

"సరే. కూసో," అన్నాడు శంకరన్న, బండికి కట్టిన గడియారం వైపు ఒకసారి చూసి.

ఐలన్న కూర్చున్నాడు. నిబంధ్‌లో ఏం రాశావని రేఖను అడిగాడు. నది ఒడ్డున ఒక సాయంత్రం గురించి రాయమన్నారట, చిన్నప్పుడు లింగక్క తనకు చెప్పిన, పడవ దిగి ఇసుకలో కూర్చున్న సంగతి రాసిందట. మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది, మధ్యలో ఎటెటో పోయింది, చేపల గురించి ఏదో చెప్పి మళ్లీ వచ్చింది. ఐలన్న మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, రెండున్నరకు శంకరన్న పిలిచేదాకా, అంతా విన్నాడు.